చిన్న గిన్నెలు

"ఒకే గిన్నె అంటే ఇక మా వల్ల కాదు, అయ్యగారూ," అన్నాడు సంఘపెద్ద, కొత్త ట్రే మీది గుడ్డ తీస్తూ. వేలెడంత గాజు గిన్నెలు వరుసగా తళతళలాడాయి.

ప్రభు బల్ల మీది వెండి గిన్నెను తుడుస్తున్న పాస్టరు ఆగిపోయాడు. "ఇన్నేళ్ళూ అందరూ దీంట్లోనే కదండీ ద్రాక్షరసం తాగారు?"

"అప్పుడు మురుగుకాలువలు తీసేవాడు మన సంఘంలో లేడు. వాణ్ణి రావద్దన్నామా? వెనక బెంచీ ఇచ్చాం. కానీ వాడి నోరు తగిలిన గిన్నెలో మా ఆవిడ తాగాలంటే ఎలా?"

"అతను చేరాక ఎవరికీ జబ్బు చెయ్యలేదండి."

"శుభ్రం గురించి మీకు నేను చెప్పాలా? మీ నాన్నగారు మునిసిపాలిటీ ఆఫీసులో చేసినవారాయె. అందుకే మీ చేతి రొట్టె అంటే మాకంత తృప్తి. అన్నట్టు, మీ అమ్మగారిని ఒక్కసారైనా తీసుకురండి. మా ఇంట్లోనే భోజనం."

"ఆవిడ ప్రయాణం చెయ్యలేరండి."

న్యాయం మీద ప్రసంగం ఎత్తుకుంటే కిటికీ రెక్కలు అదరగొట్టే పాస్టరుకి, ఈ బట్టలకొట్టు యజమాని ఎదుట మాత్రం నోట్లో నాలుక ఉండదు. ఉంటున్న ఇల్లు, పిల్లల బడి, అన్నీ ఆయన చలవే మరి. అయినా ఇంకోసారి తెగించాడు.

"పాత గిన్నె కూడా పక్కన ఉంచితే..."

"ఉంచుకోండి. మేం వేరే సంఘం చూసుకుంటాం, మీరు వేరే ఇల్లు చూసుకోండి," అన్నాడు సంఘపెద్ద నవ్వుతూనే.

పాస్టరు వెండి గిన్నెను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద ముందుగా వచ్చి, పాస్టరు చేతి రొట్టెను కళ్ళు మూసుకుని భక్తితో అందుకున్నాడు. చిట్టచివర వెనక బెంచీ నుంచి కాలువలు తీసే మనిషి వచ్చాడు. తడి జుట్టు నున్నగా దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. బల్ల మీద పాత గిన్నె కోసం చూశాడు. కనపడలేదు. ట్రే వైపు చూసి సంగతి గ్రహించాడు.

పాస్టరు అతని మొహం చూడకుండానే చిన్న గిన్నె అందించబోతే ద్రాక్షరసం తెల్లగుడ్డ మీద ఒలికింది.

"పర్వాలేదు అయ్యగారూ," అని మిగిలింది తాగి, అతను తన చోటికి వెళ్ళిపోయాడు.

ఆరాధన ముగిసింది. అందరూ ఇళ్ళకు పోయారు. గిన్నెలు కడగడానికి ఎవరూ మిగల్లేదని అతనే చొక్కా చేతులు పైకి మడిచి నీళ్ళ తొట్టి దగ్గర కూర్చున్నాడు. పాస్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. తల ఎత్తలేకపోయాడు.

"నేను ఆయనతో చెప్పాల్సింది," అన్నాడు.

అతను గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, తడిచెయ్యి చొక్కాకు తుడుచుకుని పాస్టరు భుజం మీద వేశాడు.

"ఊరుకోరా తమ్ముడూ, అమ్మకి చెప్పనులే."