తాలుకాయలు ఏరిన పెద్దాయన

మదార్‌బీ కల్లంలోకి ఎవరొచ్చినా ఊరికే కూర్చోవడానికి వీల్లేదు.

ఎర్రటి మిరపకాయల మధ్య తెల్లబడ్డ తాలుకాయలు కాసిని ఏరితేగానీ ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడదు.

ఆ పొద్దున చేతిసంచీతో వచ్చిన పెద్దాయనకూ అదే పని అప్పజెప్పింది.

"మీ స్థలం ఒకసారి చూడాలమ్మా."

"చూద్దువుగానిలే, ముందు కూర్చో. స్థలం యాడికీ పోదు, మునిసిపాలిటీ వాళ్లు పట్టుకుపోతే తప్ప."

ఆమె కోపం ఉత్తినే వచ్చింది కాదు. ఊరి చివరి ఆ ఖాళీ స్థలమే ఆమెకు ఆధారం. రైతులు కాయలు ఎండబెట్టుకుని అద్దె ఇస్తారు. ఇప్పుడు అందులో పెద్ద పెంకుటిల్లు ఉందంటూ పన్ను నోటీసు వచ్చింది. అంత పన్ను కట్టాలంటే స్థలం అమ్ముకోవాల్సిందే.

"పెంకుటిల్లు కనపడతందా నీకు?" అని నిలదీసింది.

"డ్రోనుతో పైనుంచి ఫొటో తీశారమ్మా. ఆఫీసులో కూర్చుని చూస్తే ఎర్రగా, నలుచదరంగా..." ఆరబోసిన కాయల వంక చూసి ఆయన ఆగిపోయాడు.

కాయలు తిరగేస్తున్న రైతు యలమంద పగలబడి నవ్వాడు. "అయితే పిన్నీ, నేను రోజూ మీ ఇంటి పెంకులు తిరగేస్తన్నానన్నమాట."

మదార్‌బీకి నవ్వు రాలేదు. "కళ్లున్నోడెవడైనా ఇట్టా రాస్తాడా? వాడు కనపడితే కళ్లల్లో కారం కొడతా."

"కొట్టాల్సిందేనమ్మా," అంటూ పెద్దాయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆ చెయ్యే కళ్లకు తగిలింది.

అంతే, కల్లం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

మదార్‌బీ మజ్జిగలో గుడ్డ ముంచి ఇచ్చింది. "తాలుకాయలు ఏరడం రాని మనిషివి స్థలాలేం చూస్తావయ్యా," అని విసుక్కుంది.

ఆయన ఒక కన్ను మూసుకునే కల్లం కొలిచాడు. అభ్యంతరం తెలుపుతూ అర్జీ రాసి ఆమె చేతికిచ్చాడు.

"గడువు ఇవాళ్టితో సరి. ఇప్పుడే వెళ్లి ఇచ్చి రసీదు తీసుకోండి. విచారణకు పిలుస్తారు. మీ మాట వినకుండా ఈ పన్ను ఖాయం చేయడానికి వీల్లేదమ్మా, అది మీ హక్కు."

"నీకెంతివ్వాలి?" బ్రోకరేమోనని ఆమె అనుమానం.

"ఏమీ వద్దు. ఇంకో ఆరు కల్లాలు తిరగాలి. వస్తానమ్మా."

ఎండలో వెళ్లిపోతున్న మనిషిని మంచినీళ్లు తాగమని కూడా ఆమె అనలేదు.

విచారణ జరిగింది. అధికారి స్వయంగా కల్లానికి వచ్చి, కాయలు చూసి నవ్వుకుని, లెక్కల్లోంచి పెంకుటిల్లు కొట్టేశాడు.

మర్నాడు మదార్‌బీ కొత్త కారం కిలో పొట్లం కట్టుకుని, పాత నోటీసు పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లింది.

"నాకు అర్జీ రాసిచ్చిన పెద్దాయన ఎవరు బాబూ? నీళ్లు కూడా ఇవ్వకుండా పంపాను, ప్రాణం ఉసూరుమంటంది."

"ఆదాం గారండి. ఆ రోజే రిటైరయ్యారు. సన్మానం పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం దాకా రాలేదు. ఎర్రటి కళ్లతో వస్తే, వెళ్లిపోతున్నందుకు ఏడుస్తున్నారనుకున్నాం," అన్నాడు క్లర్కు. "కనిగిరిలో సొంతింటికి వెళ్లిపోయారు."

"ఇక్కడ ఏం చేసేవారు?"

క్లర్కు ఆమె చేతిలోని పాత నోటీసు అందుకుని, 'పెంకుటిల్లు' అని రాసినచోట కింద ఉన్న సంతకం చూపించాడు.