ఏ బండి మేలు?

"నా బండి ముందర నీది ఎద్దులబండి బావా. ఊరికే మాటలెందుకు, కొనే మనిషినే చెప్పనీ," అన్నాడు మునికృష్ణ.

రంగంపేట రోడ్డు పక్కన అక్కమ్మ టీ అంగడి ముందు రెండు పాత బండ్లు నిలబడి ఉన్నాయి. తెల్లది మునికృష్ణది, నీలంది అతడి మేనమామ కొడుకు ఏకాంబరానిది. రెండూ ఏడు సీట్లవే, రెండూ తిరుమల బాడుగలకు తిరిగినవే. కొనడానికి వచ్చిన మనిషి మాత్రం ఒక్కడే.

సత్యవేడు నుంచి వచ్చానన్న ఆ యోగానంద బండ్ల సంగతి బాగా తెలిసినవాడిలాగే ఉన్నాడు. బానెట్లు ఎత్తి చూశాడు. టైర్లు తన్ని చూశాడు. కింద పడుకుని కూడా చూశాడు.

"ఇంజన్లు రెండూ ఒకే సైజు. ఇంక తేడా యాడుండాది?" అని అడిగాడు.

"నాది పవర్ స్టీరింగు. లీటరుకు పన్నెండు ఇస్తాది," అన్నాడు ఏకాంబరం.

"నాది పదైదు," అన్నాడు మునికృష్ణ వెంటనే. "ఏడుమందిని ఎక్కించుకోని భాకరాపేట కనుమ మూడో గేర్లోనే ఎక్కేస్తాది. వేడెక్కేదే ఎరగదు."

"నూరు దాటితే వణుకుతాదా?"

"నూటిరవై మీద పోయినా గ్లాసులో టీ తొణకదు."

గ్లాసులు కడుగుతున్న అక్కమ్మ నవ్వాపుకుంది. కోతలు కొయ్యడంలో మునికృష్ణ పెట్టింది పేరు. పైగా ఈ బండి అమ్మితేగాని కొత్తది రాదు, బండి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఇంకో మెట్టు ఎక్కాడు.

"పక్కన కూచోని నేను చెప్పేదేముండాదప్పా? రెండూ ఒక్కడివే తిప్పుకోని రా. బండే చెప్తాది."

బావ అంతమాట అన్నాక ఏకాంబరం తగ్గితే పరువేముంది? తనూ తాళం చేతికిచ్చాడు.

యోగానంద ముందు నీలం బండి తీసుకుపోయాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా తిరిగొచ్చి తాళం ఏకాంబరానికి ఇచ్చేశాడు.

"బాగుండాదన్నా. గేరు మెత్తగా పడతాది, పికప్ కూడా బాగుండాది. కానీ మీ బావ చెప్పేది చూస్తే అది ఇంకా మేలు మాదిరుండాది."

మునికృష్ణ మీసం దువ్వుకున్నాడు. తెల్ల బండి దుమ్ము లేపుకుంటూ కనుమ వైపు వెళ్ళిపోయింది.

రెండో టీ అయింది. మూడోదీ అయింది.

"ఆ అబ్బికి తాళాలిచ్చినారు సరే, తిరిగొచ్చే దావ చెప్పినారా?" అంది అక్కమ్మ.

బావలిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. అతడెవరో అవతలివాడికి తెలుసని ఇద్దరూ అనుకున్నారు. మునికృష్ణ పరుగెత్తి నీలం బండిలో పడ్డాడు.

"తొక్కు బావా."

"నాది ఎద్దులబండి గదా. మెల్లగానే పోతాది," అన్నాడు ఏకాంబరం.

"అది నా పిల్లోళ్ళ కూడు బావా."

"అయితే నా బండే మేలని ఒక్క మాట అను."

మునికృష్ణ పళ్ళు కొరుక్కున్నాడు. "నీదే మేలు. తొక్కు."

ఏకాంబరం తొక్కాడు. నీలం బండి కనుమదారిని అవలీలగా ఎక్కేసింది. రెండో మలుపులోనే తెల్ల బండి కనిపించింది. బానెట్ పైకి లేచి ఉంది, రేడియేటర్ నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. పక్కనే రాయి మీద కూర్చుని యోగానంద కాలిన చెయ్యి ఊదుకుంటున్నాడు.

మునికృష్ణ దూకి అతడి చొక్కా పట్టుకున్నాడు. "దొంగ నా కొడకా, ఎంత మోసం చేసినావురా!"

యోగానంద విడిపించుకోవాలని కూడా చూడలేదు. అతడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మోసం నేను చేసినానా అన్నా? నీ మాట నమ్మి, చేతికొచ్చిన మంచి బండిని తీసుకొచ్చి ఆయనకే తిరిగిచ్చినా గదా. మనిషన్నాక కాస్తన్నా నిజాయితీ ఉండొద్దా?"