జాడీ మెడ దగ్గర ఖాళీ

“కాస్త కుడివైపుకి తిప్పండి మేడం. ఇంకాస్త. ఆ, చాలు.”

ఆవిడ మౌస్ కదిపింది. తెర మీద జాడీ మెల్లగా తిరిగి, మెడ దగ్గర అరచేయంత ఖాళీ చూపిస్తూ ఆగింది.

“అయితే ఇవాళ కూడా ఏదీ కుదరలేదన్నమాట,” అన్నాడు ఫోనులో ఆయన.

“లేదు సార్. మా వైపు పెట్టెలన్నీ మళ్ళీ వెతికాను.”

“దొరుకుతుందిలెండి. తొందరేముంది?”

మ్యూజియం కింది అంతస్తులోని ఆ గదిలో ఆవిడ ఒక్కతే పనిచేస్తుంది. విరిగిన మట్టిపాత్రలు అతికించడం ఆవిడ పని. పై అంతస్తు వాళ్ళు పెట్టిన పేరు పెంకులమ్మ. ఆ పేరు మొదట చాటుగా పుట్టి, తర్వాత మొహం మీదికే వచ్చింది.

ఈ జాడీ సంగతి వేరు. ఏటికి ఇటు ఒడ్డున తవ్వినప్పుడు దొరికిన పెంకులు ఇక్కడికి, అటు తవ్వినప్పుడు దొరికినవి అవతలి ఊరి మ్యూజియానికి చేరాయి. రెండు చోట్లా ఒక్కో పెంకునీ స్కానర్ కింద పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ఏ అంచు ఏ అంచుతో కలుస్తుందో అదే వెతికి చూపిస్తుంది. అవునో కాదో తేల్చవలసింది మాత్రం మనుషులు. ఇటు ఆవిడ, అటు ఆయన.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. ఇద్దరి తెరల మీదా జాడీయే. మొదట్లో అంచుల గురించే మాట్లాడుకున్నారు. పోను పోను ఆయన మాడబెట్టిన కూరలూ, ఆవిడ మోకాళ్ళ నొప్పులూ మాటల్లోకి వచ్చాయి.

“మా ఇంట్లో నాతో మాట్లాడేది కుక్కరొక్కటే మేడం. అదీ మూడు కూతలే,” అన్నాడోసారి. ఆవిడ పకపకా నవ్వేసి, ఆ గదిలో తన నవ్వు విని తనే ఉలిక్కిపడింది.

ఆయన ఫోను పెట్టేసిన కాసేపటికి క్యూరేటర్ మెట్లు దిగి వచ్చాడు.

“పెంకులమ్మగారూ, వచ్చే వారమే ప్రదర్శన. ఆ ఖాళీ ప్లాస్టర్‌తో పూడ్చేయండి. ఇక ఆ ముక్క కోసం చూడలేం.”

“ఇంకొన్నాళ్ళు వెతికితే...”

“ఎక్కడని వెతుకుతారు? మీకూ ఈ ఫోన్ల గోల వదులుతుంది.”

అతను వెళ్ళాక ఆవిడ సంచిలోంచి కళ్ళజోడు పెట్టె తీసి తెరిచింది. అందులో దూదిలో చుట్టిన పెంకు ఉంది. ఎర్రమట్టి, మీద నల్లటి చార. వానలు మొదలైన రోజుల్లో దొరికింది. చూడగానే మెడ ముక్కని పోల్చుకుంది. స్కానర్ కింద పెట్టబోయి ఆగిపోయింది. పెడితే పని అయిపోతుంది. పని అయిపోతే రేపు ఫోను ఎందుకు మోగుతుంది? ఒక్క రోజు ఆగుదామనుకుంది. ఆ ఒక్క రోజు చలికాలం దాకా సాగింది.

ఇప్పుడు ప్లాస్టర్ పోస్తే ఇక ఈ ముక్కకి చోటే ఉండదు. ఏళ్ళ తరబడి విరిగినవి అతికించిన మనిషి, అంత పని చేతులారా చెయ్యలేకపోయింది.

ఎప్పుడూ ఫోను ఆయనే చేసేవాడు. ఆ రోజు ఆవిడే ఫోను చేసింది.

“సార్, మెడ ముక్క ఉంది.”



“ఇవాళ దొరికిందా?”

“కాదు. ఎప్పుడో దొరికింది. నేనే దాచాను.”

“ఎందుకు?”

ఆవిడ పెంకుని దూదిలోంచి తీసింది. “పెట్టేస్తే మీరు ఫోను చెయ్యరు కదా సార్.”

 తనని అసహ్యించుకుంటాడేమో అనుకుంది. ఆయన జవాబు కోసం ఆగకుండా పెంకుని స్కానర్ కింద పెట్టింది. తెర మీద ముక్క గిరగిరా తిరిగి, జాడీ మెడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. చారతో చార కలిసింది. కానీ ఖాళీ సగమే నిండింది. ఆవిడ తెర దగ్గరికి వంగి మళ్ళీ చూసింది.

“ఇంకో ముక్క ఉండాలి సార్. మా పెట్టెల్లో ఇంకేమీ లేదు, మీ వైపుదే అయ్యుండాలి.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“అది చాన్నాళ్ళుగా నా సొరుగులోనే ఉందండీ.”