మొహం తేటపడింది

"ఈ గోలీలు ఎవరిచ్చిన్రు?" అంటూ డాక్టర్ కుబ్రా కృష్ణప్రసాద్ చేతిలోని పొట్లం లాక్కుంది.

"చార్మినార్ దగ్గర మందులషాపతనండీ. మొటిమలకి మంచివన్నాడు."

"ఆరో నెల కడుపని ఆయనకు చెప్పినవా?"

చెప్పలేదు. కృష్ణప్రసాద్ తల దించుకున్నాడు. పక్కన అతని భార్య కమలకుమారి పైటకొంగు మొహం మీంచి తీయలేదు. పేరుకు కమలాపండు, కడుపు పండాక బుగ్గలు పనసతొక్క. మొహం గురించిన ఘోష కాస్తా ఘోషాగా మారి, శాలిబండలో పంపు దగ్గరికి పోవడం కూడా మానేసింది. ఇంట్లో దీపం పెట్టిన గదిలో కూర్చోదు.

"గివి మింగితే పుట్టే బిడ్డకు పండ్లు పచ్చగైతయి. బిడ్డ కావాలెనా, మొహం కావాలెనా?"

"బిడ్డేనండీ. ఇన్నేళ్ళకి కాసిన కాయ," అన్నాడు. "పై నెల సీమంతం. నలుగురూ వస్తారు. మొహం సంగతి కదా, మొహమాటం లేకుండా అడుగుతున్నాను. పైపూతకైనా ఏదో ఒకటి ఇప్పించండి."

కుబ్రా లోపలికి వెళ్ళి గులాబీరంగు సీసా తెచ్చింది. "రెండు పూటలా దూదితోని తుడువమ్మా. నోట్లకు మాత్రం ఏ మందూ వద్దు."

మూడు వారాల తర్వాత, ముసురులో తడుస్తూ కృష్ణప్రసాద్ ఒక్కడే మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"మీ చేతి మహిమండీ. ఈ వారంలోనే మొటిమలన్నీ ఆరిపోయాయి. కమల మొహం అద్దమైపోయింది."

కుబ్రా నవ్వింది. "అది మందు కాదు భాయ్. కాచిన నీళ్ళల్ల ఇన్ని గులాబ్ నీళ్ళు కలిపిన. ఆమె దిల్ నిమ్మళమైతదని."

"అయితే ఆ గులాబుకే నేను గులామునండీ." పొట్లం విప్పి ఆమె ముందుకు జరిపాడు. "కాళ్ళ వాపు కూడా తీసేసింది. రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోతోంది."

మిఠాయి దాకా వచ్చిన కుబ్రా చెయ్యి ఆగిపోయింది.

"గులాబ్ నీళ్ళకు కాళ్ళ వాపెట్ల తగ్గుతది? ఆమెను ఎందుకు తోలుకరాలే? లోపల బిడ్డ ఎట్లున్నడు?"

"వాడి సంగతే చెప్పబోతున్నాను," అన్నాడు కృష్ణప్రసాద్ గొప్పగా. "మహా బుద్ధిమంతుడని మా అమ్మ మురిసిపోతోందండీ. అంతకుముందు ఒకటే తన్నులు. వారం నుంచీ అసలు మెదలడమే లేదు."