గుంట బేరం

తెర మీద నీళ్ళగుంటకి తాళ్ళు కట్టి లాగుతున్నారు. టూరింగు టాకీసు డేరా అంతా నవ్వుతోంది.

చిన్నతల్లికి నవ్వు రావడం లేదు.

బీడీ పొగ, చెమట, ఎవరో కాళ్ళ దగ్గరే ఉమ్మిన కిళ్ళీ. అవన్నీ హోటల్లో రోజూ భరించేవే. ఇప్పుడు ఆమెకి వికారం పుట్టిస్తున్నవి అవి కావు.

పక్క కుర్చీలో ఆమె మొగుడు జగన్నాధం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వినప్పుడల్లా అతని నోట్లోంచి ఎర్రటి తుంపరలు ఆమె జబ్బ మీద పడుతున్నాయి.

"సూడే, సూడే! మన ఓటల్లో పుట్టిన ముక్క ఇది! నరసింగరావుగారు మన మేడ మీద కూకునే రాసినాడు!" అని నలుగురికీ వినపడేలా అరిచాడు.

ఆమె జబ్బ తుడుచుకుంది. తుడుచుకున్న కొంగుని ఎక్కడైనా పారేస్తే బాగుండుననిపించింది.

నరసింగరావు నిరుడు వానాకాలంలో గజపతినగరం వచ్చాడు. మద్రాసులో పదేళ్ళుగా సినిమాలకి రాస్తున్న మనిషి. ఆఖరున రాసిన రెండూ పోయాయి. "నీ దగ్గర సరుకైపోయిందయ్యా. ఎక్కడికైనా పోయి జనం మాటలు విని రా" అన్నాడట నిర్మాత. ఎవరో చెబితే రైలెక్కి వచ్చి ఇక్కడ దిగాడు.

జనం మాటలు వినడానికి వచ్చినవాడు జగన్నాధం హోటలు మేడగది దిగలేదు. సంతలోంచి పశువుల కంపు వస్తోందని కిటికీ మూసేసుకునేవాడు. తెల్లకాగితాలు ముందేసుకుని సిగరెట్లు కాల్చేవాడు. తిన్న కంచంలోనే, మిగిలిన అన్నంలోకే, సిగరెట్టు గుచ్చి ఆర్పేవాడు. ఆ కంచం చిన్నతల్లి తియ్యాలి.

ఒక మధ్యాహ్నం ఆమె కంచం తీస్తుంటే, ఊరికే అడిగాడు.

"ఏమమ్మా, నీకేం కథ లేదా?"

ఆ మాట ఆమెని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"సెప్తే సినీమాలో పెడతారా బావూ?"

"బాగుంటే పెడతాను."

ఆమె మెట్ల వైపు చూసింది. కింద మొగుడు ఎవరితోనో తగువాడుతున్నాడు. కంచం నేల మీద పెట్టింది.

"మా అయ్య గుంటని అమ్మీసినాడు బావూ. కల్లుకి."

"గుంటనా? గుంటని ఎవరు కొంటారు?"

"కొనీవోళ్ళు ఉంటారు బావూ."

నరసింగరావు లేచి కూర్చున్నాడు. "తర్వాత?"

"కొన్నోడు బండి కట్టుకొచ్చినాడు. బండెక్కించీసి అట్టుకుపోనాడు."

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు మొదలైంది నవ్వు. మంచం మీద దొర్లి దొర్లి, దగ్గు తెర వచ్చేదాకా నవ్వాడు.

"గుంటని బండెక్కించాడా! ఎలా ఎక్కింది? తాళ్ళేసి కట్టారా?"

చిన్నతల్లి తన చేతుల కేసి చూసుకుంది. అవునన్నట్టు తలూపింది.

"అమ్మ బాబోయ్! మరి మీ అమ్మేమంది?"

"ఏటంతాది బావూ? బండెనకాల కాలవ దాకా పరిగెట్టినాది. మర్నాటి నుంచీ మెతుకు ముట్టలేదు. ఆ యేడే పోనాది."

ఆఖరి మాటలు అతను విన్నాడో లేదో. అప్పటికే కలం మూత తీశాడు.

పట్నం మనిషి, ముందు నవ్వినా రాసేటప్పుడు సరిగానే రాస్తాడనుకుంది చిన్నతల్లి. ఏ ఊళ్ళోనో ఏ తండ్రో ఆ బొమ్మ చూసి, ఎత్తిన ముంత దించుతాడనుకుంది. బేరం మానుకుంటాడనుకుంది. ఆ ఒక్క ఆశతోటే, పుల్లకంపు కొట్టే ఆ కంచాలు నెలరోజులు మారుమాట్లాడకుండా తీసింది.

సినిమా బెజవాడలో వంద రోజులాడిందట. గుంటని బండెక్కించే ఘట్టం కోసమే జనం మళ్ళీ మళ్ళీ వెళ్ళారట. మారుమూల దొరికిన అచ్చమైన హాస్యమని పత్రికలు రాశాయి. నరసింగరావుకి ఇప్పుడు ఊపిరాడనంత పని. ఆ వార్తలన్నీ జగన్నాధం మేడగది గోడకి అంటించాడు. గది అద్దె పెంచాడు.

ఇవాళ ఆ సినిమా వాళ్ళ ఊరికి వచ్చింది. చిన్నతల్లి తలంటుకుని, పెట్టెలోని చీర తీసి కట్టుకుని వచ్చింది.

తెర మీద తాగుబోతు తండ్రి గట్టు మీద గంతులేస్తున్నాడు. కొన్నవాడు ఎద్దుల్ని అదిలించాడు. తాడు తెగింది. వాడు బురదలో పడ్డాడు. ఈలలు. బండి వెనకాల లావుపాటి తల్లి గుండెలు బాదుకుంటూ పరిగెత్తి, కాలవ గట్టు మీద బొక్కబోర్లా పడింది. డేరా ఎగిరిపోయేలా నవ్వారు.

అయితే నరసింగరావు ఆ మాటలూ విన్నాడన్నమాట.

చిన్నతల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నానింటికెల్లిపోతాను."

"కూకోయే! అసలు నవ్వులు ముందరున్నాయి. నీకు రసం తెలీదు" అంటూ జగన్నాధం ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. గొంగళిపురుగుని దులిపినట్టు ఆమె దాన్ని దులిపేసింది. నవ్వులో అతను గమనించలేదు.

ముందు నేల మీంచి ఎవరో ఆడమనిషి కేకేసింది.

"ఒలే బుల్లమ్మా! గుంట ఏడస్తంది, సంకనేసుకోయే!"

పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ చీకట్లో అటు తిరిగి చూసింది చిన్నతల్లి ఒక్కతే.

వాళ్ళయ్య కల్లుకి అమ్మేసిన గుంటకి ఆవేళ తొమ్మిదేళ్ళు. కొని, చేతులు కట్టి బండెక్కించుకున్నవాడు పక్క కుర్చీలో పొట్ట పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.