మదనపల్లెలో పడితే భీమిలిలో తెలిసింది

వరహాలమ్మ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని మంచం దిగబోతుంటే, కాళ్ల కింద, మనుషులు పడకుండా కాపు కాసే సెన్సార్ల నేల ఎర్రగా వెలిగింది. "ఇంకాసేపు కూర్చోండమ్మా," అంది నేల.

"నీ పెత్తనమేంటే నామీద!" అని విసుక్కుంటూనే ఆవిడ కూర్చుంది. మరుక్షణం తల గిర్రున తిరిగింది. లేచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

ఆవిడ ఉంటున్న భీమిలి వృద్ధాశ్రమంలో నర్సు జ్యోత్స్న పరుగున వచ్చి మంచినీళ్లు తాగించింది.

"ఇదే మాత్ర వేసుకుని వెంటనే లేచి, మదనపల్లె ఆశ్రమంలో ఓబుల్ రెడ్డిగారు పడిపోయారమ్మా. తుంటి విరిగింది. ఎక్కడ ఎవరు పడినా, ఎలా పడ్డారో అన్ని ఆశ్రమాలవాళ్లం ఒకరికొకరం చెప్పుకుంటాం. ఆ కబురు మన నేలకీ అందింది. అందుకే మిమ్మల్ని ఆపింది."

వరహాలమ్మ గ్లాసు పక్కన పెట్టి, "ఆయనకి ఫోన్ కలుపమ్మా," అంది.

మంచం మీదున్న ఓబుల్ రెడ్డికి జరిగిందంతా చెప్పింది. "మీరు పడబట్టే నేను పడలేదు బాబూ. మీకు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను."

ఆయన ఫోన్‌ని చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. "చూసుకోని లేయకూడదా అని అందరూ నన్నే అన్యారక్కా. నేను పడింది ఒకరికి పనికొచ్చిందని ఇయ్యాలే తెలిసింది. ఇప్పుడు నడుస్తాండారా?"

"ఇదిగో, లేస్తున్నాను."

నేల పచ్చగా మారింది. జ్యోత్స్న చెయ్యి పట్టుకుని వరహాలమ్మ వరండాలోకి నడిచింది. తన అడుగుల చప్పుడు ఆయనకి వినపడాలని ఫోన్‌ని కిందికి దించి పట్టుకుంది.

"వినపడతాండాదక్కా," అన్నాడు ఓబుల్ రెడ్డి. "ఇంకొంచేపు నడువు."