కుర్చీలో దొర

సోమవారం పొద్దున వచ్చేసరికి ఆఫీసులో గోడవారగా కొత్త కుర్చీ ఉంది. కుర్చీలో ఒక దొర ఉన్నాడు.

నీలం చొక్కా, టై, పల్చబడ్డ జుట్టు. ముందు బల్ల లేదు. చేతిలో పెన్ను లేదు. ఊరికే కూర్చుని ముగ్గురినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

ముగ్గురంటే గోపాలరావు, ఇషాక్, జయశ్రీ. రెండువేల సంవత్సరం గండం గట్టెక్కించడానికి మెల్‌బోర్న్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పిలిపించుకున్నవాళ్ళు. పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలున్న చోటల్లా నాలుగు చేస్తుంటారు. జనవరి దాటాక ఒక్కరినే ఉంచుతారని, మిగతా ఇద్దరికీ విమానమేనని పుకారు. లోకం మునుగుతుందో లేదో గానీ వీళ్ళలో ఇద్దరు మునగడం మాత్రం ఖాయం.

“ఎవరండీ ఈయన?” అంది జయశ్రీ. తెలుగులో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించే అలవాటు వాళ్ళకు లేదు.

నెల్లూరు ఇషాక్ డిగ్రీలో సైకాలజీ చదివాడు. ఆ చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

“మన మీద ప్రయోగం చేస్తా ఉండారు. హాథార్న్ ప్రయోగం.”

“మా ట్రైన్ ఆగే హాథార్న్ స్టేషనా?”

“అది కాదు మేడమ్, అమెరికాలో ఫ్యాక్టరీ. లైట్లు పెంచితే పని పెరిగింది. తగ్గించినా పెరిగింది. ఎందుకంటే ఎవరో చూస్తా ఉండారని. ఆ లెక్కలు ఉత్తవేనని తర్వాత ప్రొఫెసర్లు కొట్టుకున్నారనుకోండి. మేనేజర్లకు అదంతా ఎందుకు?”

“మరి పెన్నయినా లేదేంటయ్యా?” అన్నాడు గోపాలరావు.

“అదే గదా సార్. పెన్ను పట్టుకుంటే చిన్న ఆఫీసరు. అంతా బుర్రలో పెట్టుకుంటే పెద్ద ఆఫీసరు.”

మేనేజర్ని అడుగుదామంది జయశ్రీ. మనకు తెలిసిపోయిందని తెలిస్తే మార్కులు పోతాయన్నాడు ఇషాక్. అందరూ నోరు మూసుకున్నారు.

గోపాలరావుకు భయమేసింది. ఇప్పటికే సింగపూరు నుంచి సిడ్నీ, సిడ్నీ నుంచి ఈ మెల్‌బోర్న్ శివారు వెర్రిబీ అయ్యాయి. “ఐ యామ్ నాట్ చేంజింగ్ స్కూల్ అగైన్, నాన్నా” అని కూతురు పింకీ ముందే చెప్పేసింది. “దానికి మాటిచ్చారు, గుర్తుందిగా” అని భార్య శ్యామసుందరి రోజూ గుర్తు చేస్తోంది.

మర్నాటి నుంచి ఆఫీసు తీరే మారిపోయింది. జయశ్రీ కాకినాడకు ఫోన్లు మానేసింది. మధ్యాహ్నం పూట ఆర్వో టీ రద్దయింది. ఇషాక్ ఒక చేత్తో అన్నం తింటూ రెండో చేత్తో కీబోర్డు కొట్టడం నేర్చాడు. గోపాలరావు తొలి ట్రైన్‌కు వచ్చి చివరి ట్రైన్‌కు వెళ్ళేవాడు.

దొర ఒకసారి లేచి, “ఎక్స్‌క్యూజ్ మీ...” అన్నాడు.

గోపాలరావు అటెన్షన్‌లో నిలబడ్డాడు. “వెరీ బిజీ సార్! ఆన్ టార్గెట్ సార్!”

దొర కూర్చున్నాడు. మళ్ళీ ఒకటి రెండుసార్లు ప్రయత్నించాడు. అంతరాయం కలిగించి చూడడం కూడా ప్రయోగంలో భాగమేనన్నాడు ఇషాక్.

రెండో వారంలో నెత్తిమీద ట్యూబులైట్లు టపటపమని ఆరిపోయాయి.

“చూశారా!” ఇషాక్ గుసగుసలాడాడు. “తగ్గించారు!”

ముగ్గురూ కళ్ళు చికిలించుకుని ఆ చీకట్లోనే రెట్టింపు పని చేశారు. నాలుగు రోజుల తర్వాత ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకొచ్చి కొత్త ట్యూబులు బిగించాడు.

“పెంచారు!”

ఆ వెలుగులో మళ్ళీ రెట్టింపు చేశారు.

ఒత్తిడి ముదిరింది. ఒకరోజు గోపాలరావు దొరకు స్వయంగా కాఫీ అందిస్తూ, తీయగా నవ్వుతూ, “ఈ ఉడకేసిన బంగాళాదుంపకి పెళ్ళాం పిల్లలు లేరనుకుంటా. ఉంటే ఇట్టా మా కొంప మీద కూర్చుంటాడా?” అన్నాడు.

జయశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది. దొర “థాంక్యూ” అన్నాడు. మొహం కందగడ్డయింది. కాఫీ బాగా వేడిగా ఉందనుకున్నారు.

సెప్టెంబరు ఆఖరుకు పనంతా అయిపోయింది. డిసెంబరు దాకా పడుతుందనుకున్న పని! పరీక్షలు పెట్టి చూస్తే ఒక్క తప్పు లేదు.

మేనేజరు ముగ్గురినీ గదిలోకి పిలిచాడు. గోపాలరావు మనసులో వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నాడు.

“ఫెంటాస్టిక్, మేట్స్! నిజం చెప్పాలంటే మీ ముగ్గురినీ ఇంకో ఏడాది ఉంచుదామనుకున్నాం. జనవరి తర్వాత రిపేర్లు బోలెడుంటాయని అంచనా. ఇంత శుభ్రంగా చేశాక ఇంకేం రిపేర్లుంటాయి? శుక్రవారం మీ ఆఖరి రోజు. ఆరుబయట బార్బెక్యూ విందు పెడుతున్నాం, తప్పకుండా ఉండాలి.”

బయటికొచ్చాక జయశ్రీ కళ్ళు తుడుచుకుంది. హాథార్న్ ఫ్యాక్టరీ వాళ్ళకేమైందో పుస్తకంలో రాయలేదని ఇషాక్ గొణిగాడు. గోపాలరావు సొరుగు ఖాళీ చేస్తూ పింకీ ఫొటో సంచిలో పెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది. అంతకు మించి గోడవారనున్న ఆ మనిషి మీద కసి పుట్టింది.

అప్పుడే దొర కుర్చీలోంచి లేచి వచ్చాడు.

కాసేపు చేతులు నలుపుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత, సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిపెరిగిన ఆంగ్లో ఇండియన్లకు తప్ప రాని తెలుగులో, మొహమాటంగా అడిగాడు:

“గోపాలరావన్నా, మీ టీమ్‌ల జాయినయిన రోజు నుంచి నాకింక కంప్యూటరే ఇయ్యలే, మీరు పోతున్నరు గదా, మీది నేను తీస్కోనా?”